తీసుకున్న అప్పు, తీసుకెళ్లిన బండి: ఒకే కేసులో మూడు చట్టాలు

"అప్పు తీసుకున్నాను లాయరు గారూ. బండి తీసుకెళ్లిపోయారు. మా అబ్బాయి సైకిలు కూడా తీసుకెళ్లిపోయారు."

విశాఖపట్నంలో సాయంత్రాలు మురీ (మరమరాల) మిక్చరు, టమాటా బజ్జీలు అమ్ముకునే ఒక స్త్రీ మా ఆఫీసులో కూర్చుని చెప్పిన మొదటి మూడు మాటలు ఇవి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా ఆ కేసు నాకు వచ్చింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలే. చాలామంది లా విద్యార్థులకు ఈ సంగతి తెలియదు కాబట్టి ముందే చెబుతున్నాను.

అప్పుడు నా దగ్గర ఇద్దరు విద్యార్థులు శిక్షణలో ఉన్నారు. ఆమె మాట పూర్తి కాకముందే చివరి ఏడాది అమ్మాయి మెల్లగా అడిగింది: "సార్, ఇది సివిలా, క్రిమినలా?"

ప్రశ్నలో తప్పు లేదు, కాకపోతే కాస్త ముందుగా వచ్చింది. ఆమె మూడు సంగతులకూ ఒకే క్రియ వాడింది, తీసుకోవడం. తెలుగులో అది ఒక్క మాటే. చట్టంలో మాత్రం మూడు తీసుకోవడాలకూ మూడు వేరు ఇళ్లు ఉన్నాయి. అప్పు ఒప్పందంతో తీసుకున్నది. బండి అధికారం పేరుతో తీసుకెళ్లినది. సైకిలు ఏ అధికారమూ, ఏ అంగీకారమూ లేకుండా తీసుకెళ్లినది. పబ్లిక్ లా, ప్రైవేట్ లా, క్రిమినల్ లా అని పుస్తకాల్లో మూడు సంపుటాలుగా చదివేవన్నీ ఒక ఇంటి గడపలో తొమ్మిది రోజుల్లో కలిసి వచ్చాయి. ఈ కేసును విద్యార్థుల కోసం రాయాలని అప్పుడే అనుకున్నాను. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గాని, అవతలి పక్షాలను గాని పోల్చుకునే వివరాలేవీ ఇవ్వడం లేదు.

జరిగింది

పద్నాలుగేళ్లుగా ఒకే కూడలిలో బండి పెడుతోంది. కొన్నేళ్ల కిందట వీధి వ్యాపారుల సర్వే జరిగినప్పుడు వచ్చినవాళ్లు ఫొటో తీసుకుని, నంబరు వేసిన ఒక చీటీ ఇచ్చారు. కార్డు తర్వాత వస్తుందన్నారు. రాలేదు.

ఒక మధ్యాహ్నం లారీ వచ్చింది. నగరంలో ఏదో పెద్ద కార్యక్రమం ఉందని, రోడ్డు ఖాళీగా కనిపించాలని స్థానిక సంస్థ సిబ్బంది బండిని సరుకుతో సహా ఎత్తి లారీలో వేసుకున్నారు. ముందు నోటీసు లేదు, తర్వాత రశీదు లేదు. "రేపు ఆఫీసుకు రా" అన్నారు. మూడు రోజులు తిరిగింది. ఒక గదిలోంచి ఇంకో గదికి పంపారు తప్ప బండి ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.

బండి లేకపోతే అమ్మకం లేదు. అమ్మకం లేకపోతే రోజుకు 200 రూపాయల అప్పు కిస్తీ కట్టే దారి లేదు. ఆరో రోజు వసూలుకు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు గుమ్మం పక్కనున్న సైకిలు తీసుకుని "బాకీ కట్టి పట్టుకెళ్లు" అని వెళ్లిపోయారు. తొమ్మిదో రోజు పోలీసు స్టేషను నుంచి ఫోను వచ్చింది. అప్పిచ్చినాయన మోసం జరిగిందని అర్జీ పెట్టాడట, స్టేషనుకు రావాలట.

ఆమె ప్లాస్టిక్ సంచి బల్ల మీద బోర్లించింది. సర్వే చీటీ, ప్రో నోటు ఫొటో ఉన్న ఫోను, కొడుకు పదో తరగతి మార్కుల జాబితా, ఒక చిన్న నోటు పుస్తకం బయటికొచ్చాయి. ఆ పుస్తకాన్ని నేను చాలాసేపు చూశాను. అట్ట మీద నూనె మరకలు, పేజీల్లో ఉల్లిపాయ వాసన. ప్రతి పేజీలో ఇరవై గీతలు, ప్రతి గీత పక్కన వసూలు కుర్రాడి పొడి సంతకం. ఏడు పేజీలు నిండాయి. అంటే 140 రోజులు, 28,000 రూపాయలు. రశీదు అడగడానికి ధైర్యం లేని ఆమె తనకు తెలిసిన పద్ధతిలో రశీదు పుస్తకం తయారుచేసుకుంది. ఈ కేసులో అన్నిటికన్నా విలువైన కాగితం అదే.

మొదటి ముసాయిదా

ఆ రాత్రి విద్యార్థులిద్దరూ కలిసి ఒక రిట్ పిటిషన్ (అధికారుల చర్య మీద నేరుగా హైకోర్టుకు పెట్టుకునే పిటిషన్) ముసాయిదా రాసుకొచ్చారు. ప్రతివాదులు ముగ్గురు: స్థానిక సంస్థ, పోలీసు స్టేషను, అప్పిచ్చిన వ్యక్తి. కోరిన ఉపశమనాలు బండి విడుదల, సైకిలు వాపసు, ప్రో నోటు రద్దు, నష్టపరిహారం. ఆధారం రాజ్యాంగంలోని 14, 19, 21 అధికరణలు, అంటే సమానత్వం, స్వేచ్ఛలు, జీవించే హక్కు. చాలా శ్రద్ధగా రాశారు, తీర్పులు కూడా వెతికిపెట్టారు. అయినా ఆ ముసాయిదా హైకోర్టులో మొదటి ఐదు నిమిషాలు కూడా నిలబడదు.

ఎందుకో వివరించడానికి ఒక్క ప్రశ్న అడిగాను: ఎదుటివాడు ఈ పని ఏ హోదాలో చేశాడు?

స్థానిక సంస్థ బండి ఎత్తినప్పుడు తనకున్న అధికారంతో ఎత్తింది. ఆమె ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే అక్కడ రాదు. ఒకరు పైన, ఒకరు కింద. ఆ సంబంధాన్ని అదుపులో పెట్టేదే పబ్లిక్ లా. 12వ అధికరణ "రాజ్యం" అన్న మాటలో స్థానిక సంస్థలను కూడా చేర్చింది కాబట్టి ప్రాథమిక హక్కులు దానికి నేరుగా వర్తిస్తాయి. అప్పిచ్చిన వ్యక్తి హోదా వేరు. చట్టం కళ్లకు అతనూ ఆమే సమానులే. ఒకరు ఇచ్చారు, ఒకరు పుచ్చుకున్నారు, మధ్యలో ఒప్పందం ఉంది. అది ప్రైవేట్ లా. నిజజీవితంలో అతనికి డబ్బుంది, ఆమెకు లేదు. ఆ అసమానతను సరిచేయడానికి ప్రైవేట్ లాలోనే కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. అప్పు వివాదాన్ని రిట్‌గా మార్చడం ఆ ఏర్పాట్లలోది కాదు.

మూడో ఏడాది కుర్రాడు వెంటనే కౌశల్ కిశోర్ కేసు ఎత్తాడు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 19, 21 అధికరణల కింది హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అమలు చేయవచ్చని మెజారిటీతో చెప్పింది కదా అన్నాడు. చెప్పింది, నిజమే. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణ, వెట్టిచాకిరీని నిషేధించే 23వ అధికరణ అంతకు ముందు నుంచే ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తున్నాయి. కానీ ప్రో నోటులో ఎంత రాసుంది, ఎంత ముట్టింది అన్న లెక్క తేల్చడానికి సాక్షులు కావాలి, క్రాస్ ఎగ్జామినేషన్ కావాలి. రిట్ కోర్టు సాధారణంగా అఫిడవిట్ల మీద నడుస్తుంది. వాస్తవాల మీదే తగవు ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లమంటుంది. హక్కు ఉండడం ఒకటి, ఆ హక్కును ఏ తలుపు తట్టి అడగాలన్నది ఇంకొకటి.

ముసాయిదాను మూడు ముక్కలు చేశాం.

బండి

పౌరుడికీ అధికారికీ మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది. చట్టం వద్దననిది ఏదైనా పౌరుడు చేయవచ్చు. అధికారి మాత్రం చట్టం చేయమన్నదే చేయాలి, చేయమన్న పద్ధతిలోనే చేయాలి. విద్యార్థులకు పబ్లిక్ లాలో ఒక్క వాక్యమే చెప్పే అవకాశం ఉంటే నేను ఇదే చెబుతాను. బండి పెట్టే హక్కు ఏ సెక్షన్‌లో ఉందో ఆమె చూపించాల్సిన పని లేదు, ఎత్తే అధికారం ఎక్కడుందో వాళ్లు చూపించాలి.

ఆ అధికారం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టంలో ఉంది. దాని హద్దులూ అక్కడే ఉన్నాయి. సర్వే పూర్తయి అందరికీ వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 3(3) చెబుతుంది. ఖాళీ చేయించాల్సి వచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలని సెక్షన్ 18. గడువు దాటినా కదలకపోతేనే సరుకు జప్తు చేయవచ్చు. అప్పుడు కూడా జప్తు చేసిన వస్తువుల జాబితా రాసి, సంతకం పెట్టి, వ్యాపారికి ఒక ప్రతి ఇవ్వాలి. వ్యాపారి వచ్చి రుసుము కట్టి అడిగితే పాడయ్యే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని సెక్షన్ 19. ఈ మెట్లలో ఒక్కటీ ఎక్కకుండానే లారీ వచ్చింది.

నోటీసు ఇవ్వడాన్ని విద్యార్థులు ఒక లాంఛనంగా చూస్తారు. సహజ న్యాయ సూత్రాల్లో మొదటిది "అవతలివారి మాట కూడా విను" అన్నది. నోటీసు ఆ వినడానికి తలుపు తెరవడం. ముప్పై రోజుల ముందు ఒక కాగితం వచ్చి ఉంటే ఆమె సర్వే చీటీ పట్టుకెళ్లి చూపించేది. కనీసం ఆ రోజు సరుకు కొనకుండా ఉండేది. నానబెట్టిన శనగలు, తరిగిన ఉల్లిపాయలు లారీలో కుళ్లేవి కావు.

ఇక 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు చెప్పిన బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసు ఇది. ముసాయిదాలో ఆ భాగాన్ని ముదురు అక్షరాలతో రాశారు. తీర్పు రెండో సగాన్ని వదిలేశారు. పేవ్‌మెంట్ మీద శాశ్వతంగా ఉండే హక్కు ఎవరికీ లేదని, సరైన పద్ధతిలో ఖాళీ చేయించవచ్చని కూడా ఆ తీర్పే చెప్పింది. 1989లో సోదన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం వీధి వ్యాపారం 19(1)(జి), అంటే వృత్తి, వ్యాపార స్వేచ్ఛ కింద ప్రాథమిక హక్కే అని ఒప్పుకుంటూ, ఫలానా చోటే కావాలనే హక్కు మాత్రం లేదంది. మనకు అనుకూలమైన సగాన్నే కోర్టుకు చదివి వినిపిస్తే మిగతా సగం అవతలి స్టాండింగ్ కౌన్సెల్ (స్థానిక సంస్థ తరఫు లాయరు) చదువుతారు. అప్పుడు పోయేది మన మాట మీద జడ్జికున్న నమ్మకం. అందుకే మా పిటిషన్‌లో "ఆ కూడలిలోనే బండి పెట్టుకునే హక్కు" అని రాయలేదు. "చట్టం చెప్పిన పద్ధతి తప్ప వేరే విధంగా తొలగించకూడదు" అని రాశాం. అడిగినది తక్కువ, కాదనడానికి వీల్లేనిది.

హైకోర్టుకు వెళ్లే ముందు కమిషనర్‌కు, పట్టణ వ్యాపార కమిటీకి రాతపూర్వకంగా వినతి పెట్టాం. మాండమస్ (చేయాల్సిన పని చేయమని అధికారికి కోర్టు ఇచ్చే ఆజ్ఞ) కోరాలంటే ముందు అధికారిని అడిగి ఉండాలి. చేయాల్సిన పని చేయలేదని చూపించగలగాలి. జవాబు రాలేదు. ఈ చట్టం కింద ఫిర్యాదుల కమిటీ ఉందిగా, అక్కడికి వెళ్లకుండా రిట్ ఎలా వేస్తారని అవతలివారు అడుగుతారని తెలుసు. ప్రత్యామ్నాయ మార్గం ఉండడం రిట్‌కు పూర్తి అడ్డంకి కాదు. సహజ న్యాయ సూత్రాల ఉల్లంఘన, ప్రాథమిక హక్కు భంగం, అధికారమే లేకుండా చేసిన పని లాంటి సందర్భాల్లో నేరుగా రావచ్చని 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది సిద్ధంగా పెట్టుకున్నాం.

అమరావతిలోని హైకోర్టులో కేసు విచారణకు వచ్చిన రోజున స్టాండింగ్ కౌన్సెల్ సూచనలు తీసుకుని బండి ఇచ్చేస్తామన్నారు. కోర్టు ఆ మాట నమోదు చేసి, ధ్రువపత్రం కోసం ఆమె దరఖాస్తును చట్ట ప్రకారం పరిశీలించమని, ఈలోగా చట్టబద్ధ పద్ధతిలో తప్ప ఆమెను కదిలించవద్దని ఆదేశించి పిటిషన్‌ను ముగించింది. పెద్ద తీర్పేమీ కాదు, ఒకటిన్నర పేజీ. ఎత్తుకెళ్లిన 26వ రోజున బండి వచ్చింది. ఒక చక్రం వంగిపోయి ఉంది. గ్యాస్ పొయ్యి లేదు.

అప్పు

ఇక్కడే ఇబ్బందికరమైన సలహా ఒకటి వచ్చింది. కోర్టు ఆవరణలో ఒక మిత్రుడు, "సంతకం ఆమెది కాదనండి, నిరూపించుకునే బాధ అతనిది" అన్నాడు. ఆమె మొదటి మాటే "అప్పు తీసుకున్నాను" అయినప్పుడు నేను ఆ అబద్ధం రాయలేను. కక్షిదారు కోసం పోరాడటానికి వకాలత్ పుచ్చుకుంటాం గాని, లేని కథ కట్టడానికి కాదు. పైగా నిజమే ఆమెకు ఎక్కువ మేలు చేసేది.

నిజం ఇది. చేతికి వచ్చింది 36,000. నలభై వేల అప్పని చెప్పి నాలుగు వేలు ముందే వడ్డీ కింద పట్టుకున్నారు. ప్రో నోటు మీద అంకె వేయకుండా సంతకం తీసుకున్నారు. కొడుకు చేత కూడా సంతకం పెట్టించారు. తర్వాత ఆ ఖాళీలో 60,000 అని నింపారు.

ఖాళీ నోటు మీద సంతకం పెట్టినంత మాత్రాన నోటు చెల్లదనుకుంటారు చాలామంది. పొరపాటు. ప్రో నోట్లు, చెక్కుల గురించిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 20 ప్రకారం, స్టాంపు ఉన్న అసంపూర్ణ కాగితం మీద సంతకం పెట్టి ఇస్తే దాన్ని నింపే అధికారం ఇచ్చినట్టే మొదట భావిస్తారు. సెక్షన్ 118 ప్రకారం ప్రతిఫలం ముట్టిందనే కోర్టు అనుకుంటుంది. ఈ ఊహ శిలాశాసనం కాదు, తిప్పికొట్టవచ్చు. తిప్పికొట్టాల్సిన భారం మాత్రం మనమీద పడుతుంది. అంత అప్పు ముట్టలేదని చూపడానికి మన చేతిలో ఉన్నది ఆ నూనె మరకల పుస్తకం. అరవై వేల అప్పుకు రోజుకు 200 కిస్తీ ఎలా కుదిరిందో అతను చెప్పగలగాలి.

కొడుకు సంగతి ఇంకా స్పష్టం. మార్కుల జాబితా ప్రకారం సంతకం పెట్టిన రోజుకు అతనికి పదిహేడేళ్ల రెండు నెలలు. 1875 మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండాలి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 11 మైనరును ఒప్పందానికి అనర్హుడంటుంది. కలకత్తాలో ఒక మైనరు ఆస్తి తాకట్టు పెట్టి అప్పు చేసిన మొహరీ బీబీ కేసులో 1903లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టు) ఆ ఒప్పందం మొదటి నుంచే శూన్యమని తేల్చింది. ఇంతవరకు విద్యార్థులు చకచకా చెప్పారు. ఆ వెంటనే "కాబట్టి నోటు మొత్తం చెల్లదు" అన్నారు. అక్కడ ఆపాను. అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో సెక్షన్ 26 ఉంది. మైనరు సంతకం అతన్ని తప్ప మిగతా అందరినీ కట్టిపడేస్తుంది. కొడుకు బయటపడతాడు, తల్లి బయటపడదు. శూన్యం అంటే ఎవరి విషయంలో శూన్యం అని అడగకుండా ముందుకు వెళ్తే ఇలాంటి చోట కాలు జారుతుంది.

ఆ కుర్రాడు అప్పుడు ఇంటర్ రెండో ఏడాది. నా ఎదురుగా కూర్చుని, "నాకు పద్దెనిమిది నిండాక మళ్లీ సంతకం పెట్టమంటున్నారు సార్, పెట్టాలా?" అని అడిగాడు. శూన్యమైన ఒప్పందాన్ని మేజరు అయ్యాక ఆమోదించడం కుదరదు, పాత అప్పుకు కొత్త నోటు రాయాల్సిన అవసరం లేదు అని చెప్పాను. అతని భుజాలు దిగడం చూశాను. నెలల తరబడి అది మోస్తున్నాడని అర్థమైంది.

వడ్డీ విషయంలో 1918 నాటి యూజూరియస్ లోన్స్ చట్టం ఇప్పటికీ పనికొస్తుంది. వడ్డీ మితిమీరి, లావాదేవీ అన్యాయంగా ఉంటే కోర్టు పాత లెక్కలు తిరగదోడి, న్యాయమైన మేరకే డిక్రీ (దావా తేల్చే కోర్టు ఉత్తర్వు) ఇవ్వవచ్చు. ఒప్పంద స్వేచ్ఛ అన్న సూత్రానికి ప్రైవేట్ లా తానే గీసుకున్న గీత ఇది.

అప్పిచ్చిన వ్యక్తి పట్ల కూడా న్యాయంగా ఉండాలి. అతని డబ్బు అతనిదే. ఆమె తీసుకున్నది తిరిగి కట్టాలి. దావా ముందు దశలోనే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టారు. పుస్తకంలోని గీతలు లెక్కపెట్టడానికి అతను మొదట ఒప్పుకోలేదు. వసూలు కుర్రాడి సంతకాలు చూశాక మాట తగ్గించాడు. ఇంకా 16,000 రూపాయలు, నెలకు రెండు వేల చొప్పున ఎనిమిది వాయిదాల్లో కట్టేలా రాజీ కుదిరింది. ముట్టిన 28,000తో కలిపి మొత్తం 44,000. ప్రో నోటు రద్దు చేసి చేతికిచ్చారు. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టే ముందు ప్రతి అంకె ఆమెకు రెండుసార్లు చదివి వినిపించాను.

సైకిలు

ఇది చిన్న విషయం, కానీ మనసుకు ఎక్కువగా తగిలింది. బాకీ ఉన్నవాడి వస్తువు ఎత్తుకెళ్లడం మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందంటే, ఆమె కూడా "బాకీ ఉన్నాను కదా" అని ఊరుకుంది. అప్పు ఉండడం వేరు, వస్తువు మీద హక్కు ఉండడం వేరు. యజమాని సమ్మతి లేకుండా, ఒత్తిడి తెచ్చి డబ్బు రాబట్టడానికి వస్తువు తీసుకెళ్తే, నిజంగా బాకీ ఉన్నా సరే, అది దొంగతనం కిందికి వస్తుంది. నేరాలూ శిక్షలూ చెప్పే భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 303. స్థానిక సంస్థకు ఎత్తే అధికారం అసలు ఉంది, పద్ధతి తప్పింది. ఈ కుర్రాళ్లకు అధికారమే లేదు. డిక్రీ తెచ్చుకుని, అమలు పిటిషన్ వేసి, కోర్టు అమీనాతో (ఉత్తర్వులు అమలు చేసే కోర్టు ఉద్యోగితో) జప్తు చేయించుకోవాలి తప్ప అప్పిచ్చినవాడే అమీనా కాకూడదు.

నోటీసు పంపిన రెండో రోజు సైకిలు గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆమె ఫిర్యాదు చేయదలచుకోలేదు. ఆ నిర్ణయం ఆమెదే. క్రిమినల్ ఫిర్యాదు చూపించి అప్పు ఇంకా తగ్గించుకుందామా అని విద్యార్థి అడిగాడు. వద్దన్నాను. నేరం జరిగితే ఫిర్యాదు చేయాలి, లేకపోతే మానాలి. దాన్ని బేరంలో తక్కెడ రాయిగా వాడితే ఆ కుర్రాళ్లు చేసిన పనికీ మన పనికీ తేడా చెప్పుకోవడం కష్టం.

స్టేషను ఫోను

అప్పు తీర్చకపోవడం నేరం కాదు. మోసం నేరం. మోసమనాలంటే డబ్బు తీసుకునే రోజునే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉండాలి. 140 రోజులు వరసగా కట్టి, బండి పోయిన రోజు నుంచి ఆగిపోయిన మనిషిలో ఆ ఉద్దేశం ఎక్కడ? చెక్కు ఇచ్చి ఉంటే కథ వేరు. చెల్లని చెక్కుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి సివిల్ అప్పు అక్కడ క్రిమినల్ కోర్టు మెట్లెక్కుతుంది. ఆమె దగ్గర చెక్కు పుస్తకమే లేదు.

విచారణకు స్త్రీని ఆమె నివాసానికి వెలుపల ఎక్కడికీ రమ్మని బలవంతపెట్టకూడదని భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 179 చెబుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది సెక్షన్ 160. 2024 జులై 1 నుంచి నంబర్లు మారాయి, రక్షణ మారలేదు. ఆమె ఇంటి దగ్గర అందుబాటులో ఉంటుందని, ఇది అప్పు వివాదమని, పుస్తకం నకళ్లు జతచేస్తున్నానని స్టేషనుకు ఉత్తరం రాశాను. సబ్ ఇన్‌స్పెక్టర్ అర్జీని ముగించి, సివిల్ కోర్టుకు వెళ్లమని అప్పిచ్చినాయనకు చెప్పారు.

విద్యార్థులు ఇక్కడ రాసుకోవాల్సింది రుజువు స్థాయి. ఆ పుస్తకంలోని గీతలే సివిల్ దావాలో అయితే ఏది ఎక్కువ సంభావ్యమో తేల్చడానికి పనికొస్తాయి. క్రిమినల్ కేసులో నేరాన్ని సందేహానికి తావులేకుండా ప్రాసిక్యూషన్ నిరూపించాలి, నిందితురాలు సందేహం కలిగిస్తే చాలు. కాగితం అదే, తూచే తక్కెడ మారుతుంది.

పొయ్యి

రిట్‌తో బండి వచ్చింది, నష్టం రాలేదు. పొయ్యి నిజంగా బండి మీద ఉందా, ఎవరి చేతిలో పోయింది అన్నవి వాస్తవ తగవులు కాబట్టి దానికి దావా వేయాలి.

ప్రభుత్వ పక్షం జప్తు చేసిన వస్తువు పోతే ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు మన దేశంలో పాత చరిత్ర ఉంది. కస్తూరీలాల్ కేసులో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి నుంచి జప్తు చేసిన బంగారాన్ని హెడ్ కానిస్టేబులే కాజేసి పారిపోయాడు. అది సార్వభౌమ విధి నిర్వహణలో జరిగింది కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదని 1964లో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు కష్టంగానే ఉంటుంది. 1994లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఎన్. నాగేంద్రరావు కేసులో దారి మారింది. నిత్యావసర వస్తువుల చట్టం కింద జప్తు చేసిన ఎరువులను అధికారులు సకాలంలో అమ్మకుండా, జాగ్రత్త చేయకుండా పాడుచేశారు. తీరా వాపసు తీసుకోమంటే అక్కడ మిగిలింది పనికిరాని సరుకు. ఆ నష్టానికి ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఎరువుల బస్తాల మీద ఇచ్చిన ఆ తీర్పు ఒక మురీ మిక్చరు బండికి ఆసరా అయింది.

అజాగ్రత్తను మనం నిరూపించాలి. విశాఖవాళ్లకు ఇంకో రకం బాధ్యత కూడా తెలుసు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కంపెనీ నుంచి స్టైరీన్ వాయువు లీకైన మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు ముందుగా జమ చేయమని ఆ కంపెనీని ఆదేశించింది. ప్రమాదకర పరిశ్రమల విషయంలో అజాగ్రత్త నిరూపించకుండానే బాధ్యత పడుతుంది, ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పెట్టిన సూత్రం అది. తోపుడు బండి ఆ కోవలోకి రాదు, మామూలు దారిలోనే నడవాలి.

కాలపరిమితి ముందు చూశాం. ప్రో నోటు అప్పుకు మూడేళ్లు. చట్టం కింద చేశామంటూ చేసిన పనికి పరిహారం అడగాలంటే లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 72 ప్రకారం ఒక్క ఏడాదే. స్థానిక సంస్థల సొంత చట్టాల్లో దావాకు ముందు నోటీసు, ఇంకా తక్కువ గడువు కూడా ఉండవచ్చు కాబట్టి ఆ చట్టం చూడకుండా ఏడాది ఉందని నిశ్చింతగా కూర్చోకూడదు. బండి వచ్చిన వారంలోనే నోటీసు ఇచ్చి, ఆ నోటీసు గడువు ముగియగానే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేశాం.

దావాకు జాబితా కావాలి. సిబ్బంది రాయాల్సిన జాబితాను చివరికి మేమే రాశాం. ఆమె కళ్లు మూసుకుని బండిని ఎడమ నుంచి కుడికి గుర్తుచేసుకుంటూ చెప్పింది, అమ్మాయి రాసింది. రెండు బర్నర్ల పొయ్యి. బజ్జీల బాణలి, జల్లి గరిటె. స్టీలు డబ్బాలు మూడు. మురీల సంచి, సగం. వేయించిన పల్లీలు రెండు కిలోలు. టమాటాలు, ఉల్లిపాయలు, నిమ్మకాయలు. నిమ్మకాయలు కోసే చిన్న కత్తి. 26 రోజుల ఆదాయానికి పూర్ణా మార్కెట్‌లో సరుకు కొన్న చీటీలు జతచేశాం. ఎంత కొనేదో తెలిస్తే ఎంత అమ్మేదో అంచనా కట్టవచ్చు. జాబితా ఇవ్వాల్సిన బాధ్యత ఉన్నవారు ఇవ్వకపోతే ఆ లోటును వారికి వ్యతిరేకంగా చూడమని కోర్టును కోరవచ్చు. అది మా వాదనలో ముఖ్యమైన భాగం.

దావా ఇంకా నడుస్తోంది. వచ్చే వాయిదాకు ఆమె సాక్ష్యం. కిందటి వారం అఫిడవిట్ చదివి వినిపిస్తుంటే మధ్యలో చేయి పట్టుకుని ఆపింది. కత్తి తీసేయమంది. బియ్యం డబ్బా వెనక దొరికిందట, ఆ రోజు ఇంట్లోనే మరిచిపోయి వెళ్లిందట. నలభై రూపాయల కత్తి. సవరణ మెమో రాయమని అమ్మాయికి చెప్పాను.